చలిదేశం నుంచి వచ్చిన నత్తలు

నేను పాస్‌పోర్ట్ చేయించుకుని చాలా ఏళ్లయింది. జూబ్లీ హిల్స్‌లో ఒక కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో మేడమ్, "ఎప్పుడు ఏ దేశం వెళ్లాల్సొస్తుందో తెలీదు, చేయించి పెట్టుకో" అన్నారు. ఆ వారమే పరుగెత్తి చేయించుకున్నాను. బీరువాలో మా అమ్మ ఇచ్చిన బైబిల్ పక్కన పెట్టాను. గడువు తీరితే మళ్లీ కొత్తది తీసుకున్నాను గానీ, పాతదానిలోనూ కొత్తదానిలోనూ ఒక్క ముద్ర పడలేదు.

కిందటేడాది ఒక పెద్ద సినిమా మాకొచ్చింది. హీరో పాత్రకు చేపలు పట్టే సరదా. ఉత్తరాన ఎక్కడో ఒక చలిదేశంలో, కొండల మధ్య సరస్సులో పాట తీస్తారని తెలిసింది. ప్రొడక్షన్ వాళ్లు కాస్ట్యూమ్ వైపు నుంచి మేడమ్‌ను, ఒక అసిస్టెంట్‌ను మాత్రమే తీసుకెళ్తామన్నారు. ఆ ఒక్కరు నేనేనని నాకు అనుమానమే లేదు. మేడమ్ దగ్గర అందరికంటే పాతదాన్ని నేను. సికింద్రాబాద్‌లో స్వెట్టర్లమ్మే వాళ్ల దగ్గర ముదురు నీలం రంగు చలికోటు ఒకటి ముందే కొనిపెట్టుకున్నాను. ఇంట్లో ఒకసారి తొడుక్కుని ఫ్యాన్ కింద నిలబడితే మా ఆయన నవ్వాడు. ఆయన సినిమా యూనిట్ వ్యాన్ నడుపుతాడు. "ఇప్పుడే వేసుకుంటే అక్కడికెళ్లేసరికి పాతబడిపోద్ది" అన్నాడు.

ఇస్త్రీ బల్ల దగ్గర ఉన్నప్పుడు మేడమ్ వచ్చి, తను ఎవరిని తీసుకెళ్తున్నదీ చెప్పారు. నన్ను కాదు.

ఆ అమ్మాయి నాకంటే చాలా వెనక చేరింది. ఎర్రగడ్డలో పుట్టి పెరిగిన పిల్ల. రోజూ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర దిగేది. పని నేర్పింది నేనే. ఒక షాట్‌లో చొక్కా చేతులు ఎంతవరకు మడిచి ఉన్నాయో చూసుకుని, నెల తర్వాత తీసే షాట్‌లో కూడా అంతే మడవాలని, దాన్నే కంటిన్యూటీ అంటారని చెప్పింది నేను. చురుకైన పిల్ల. ఇంగ్లీషు గడగడా మాట్లాడుతుంది. ఎవరినైనా ఇట్టే మంచి చేసుకుంటుంది. ఇవన్నీ మంచి గుణాలేనని నాకు తెలుసు. తెలిసినకొద్దీ మంట ఎక్కువైంది.

"నువ్వుంటేనే ఇక్కడ పని నడుస్తుంది. హీరోయిన్ బ్లౌజులు ఇంకెవరికి అప్పజెప్పను?" అన్నారు మేడమ్.

"సరే మేడమ్" అన్నాను. ఇస్త్రీ బల్ల మీదికి వంగి, లేని ముడత ఒకటి తీశాను.

సాయంత్రం ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి నిలబడింది. "అక్కా, కోపమొచ్చిందా?"

"నాకెందుకమ్మా కోపం? వెళ్లిరా."

"అయితే ఒక్కటడుగుత, ఏమనుకోవద్దు. నీ కోటు జర ఇస్తవా? మేడమ్ సడెన్‌గ చెప్పిన్రు. నేనేం కొనుక్కోలే."

మర్నాడు కోటు తెచ్చి ఇచ్చాను. అలా నా కోటు విమానం ఎక్కింది.

వాళ్లు వెళ్లాక ఆ అమ్మాయి రోజూ వాట్సాప్‌లో స్టేటస్ పెట్టేది. నేను చూస్తే చూసినవాళ్లలో నా పేరు కనిపిస్తుంది. అందుకని మా ఆయన ఫోన్‌లో చూసేదాన్ని. ఆయన అన్నం తింటుంటే ఎడమచేత్తో ఫోన్ లాక్కునేదాన్ని. "ఆ కుళ్ళేదో నీ ఫోన్‌లోనే పెట్టుకోరాదా" అనేవాడు. సరస్సు, వెనక మంచు కొండ, ముందు నా కోటు. కోటుకు మరకేమైనా అంటిందేమోనని బొమ్మను వేళ్లతో పెద్దది చేసి చూసేదాన్ని. మరక లేదు. నాకంటే ఆ పిల్లకే బాగా నప్పింది. ఫిల్మ్ నగర్‌లో మేముండే సందులో అప్పుడు వానలు. ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరేవి కావు. గదంతా తడి వాసన. ఆ వాసనలో కూర్చుని నేను మంచు కొండను చూసేదాన్ని.

షెడ్యూల్ అయిపోయి అందరూ తిరిగొచ్చారు. వెనకే ట్రంకు పెట్టెలు వచ్చాయి. మేడమ్ ఇంటి సెల్లారే మా పనిచోటు. అక్కడ పెట్టెలు విప్పి, తడిసినవి వేరు చేసి, ఉతకాల్సినవి చాకలికి వేయడం నా వంతు. వెళ్లొచ్చిన వాళ్లకు అలసట, వెళ్లనివాళ్లకు బట్టల మూటలు. ఆ అమ్మాయి నాలుగు రోజులు సెలవు తీసుకుంది. నా కోటు ఉతికించి, మడిచి, ఒక చాక్లెట్ డబ్బాతో సహా పంపింది. కోటును బీరువాలో పెట్టేశాను. చాక్లెట్లు పక్కింటి పిల్లలకు పంచేశాను. ఒక్కటీ నోట్లో వేసుకోలేదు.

ఆఖరి పెట్టెలో హీరోగారి బూట్లు ఉన్నాయి. నీళ్లలో దిగి చేపలు పట్టేవాళ్లు వేసుకునేవి, తొడల దాకా వచ్చే రబ్బరు బూట్లు. రాళ్ల మీద జారకుండా అడుగున దుప్పటంత మందాన ఉన్ని అట్ట వేసి ఉంటుంది. వాటిని తడిగానే ప్లాస్టిక్ సంచిలో చుట్టి మూతి బిగించేశారు. విప్పగానే బురద వాసన గుప్పుమంది. అట్టను గోటితో గీకితే గోధుమరంగు నలుసులు రాలాయి. నువ్వుగింజ కంటే పెద్దవి, బియ్యపు గింజ కంటే పొట్టివి. మట్టి బెడ్డలనుకున్నాను. వేలితో నలిపితే నలగలేదు. కొన్నిటిని స్టీలు మగ్గులో వేసి నీళ్లు పోసి, చొక్కాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. కాసేపటికి మగ్గులోకి చూస్తే కొన్ని అడుగున లేవు. మగ్గు గోడకెక్కాయి.

నత్తలు.

నత్తలు నాకు కొత్త కాదు. మాది గుంటూరు వైపు కాలువల కింది ఊరు. నాట్ల కాలంలో మా నాయనమ్మ గట్ల మీద నత్తగుల్లలు ఏరుకొచ్చి, ఉడకబెట్టి, పిన్నీసుతో మాంసం లాగి, చింతచిగురేసి వండేది. అవి నిమ్మకాయలంత ఉండేవి. ఇంత చిన్న నత్తలను నేనెప్పుడూ చూడలేదు. గుల్ల కొస సూదిలాగా మొనదేలి ఉంది. మూతి దగ్గర గసగసాల గింజంత మూత. వేలు తగిలితే ఆ మూత వేసుకుని కింద పడిపోతున్నాయి.

అప్పుడు నాకా ఫోటో గుర్తొచ్చింది. కోటు కోసం అన్నిసార్లు చూశాను కదా, కోటు వెనక కొయ్యకు కొట్టిన ఒక బోర్డు ఉంది. దాని మీద ఒక బూటు, ఒక బ్రష్, ఒక నత్త బొమ్మ, నత్త మీద ఎర్రగీత. అప్పుడది దేనికో పట్టించుకోలేదు. ఫోన్ తీసి వెతికాను. చాలాసేపు చదివాను. ఎక్కడో దక్షిణాన దీవుల్లో పుట్టిన నత్తలట. పడవల అడుగున, బూట్ల సందుల్లో పడి దేశాలు దాటాయట. చలి వాటినేమీ చెయ్యదు, సరస్సు పైన మంచు పేరుకున్నా అడుగున బతికే ఉంటాయి. కొత్త దేశాల్లో ఉన్నవన్నీ దాదాపు ఆడవే, మగతోడు లేకుండానే పిల్లల్ని పెడతాయి. ఒక్కటి చేరినా చాలు, ఏరడుగంతా పరుచుకుని, అక్కడి పురుగులు తినే పాచిని నాకేస్తాయి. పురుగులు పోతే చేపలకు తిండి పోతుంది. చేప మింగినా కొన్ని లోపల అరగకుండా, రెండోవైపు నుంచి ప్రాణంతోనే బయటపడతాయట.

మగ్గు నా ఎదుటే ఉంది. పాస్‌పోర్ట్ లేకుండానే వచ్చేశాయి కదా అనుకున్నాను.

అసలు సంగతి అది కాదు. ఆ పాటలో కొన్ని షాట్లు మిగిలిపోయాయి. వాటిని హిమాచల్ కొండల్లో, చేపలుండే ఒక చల్లటి ఏట్లో తీయాలని అప్పటికే అనుకున్నారు. కంటిన్యూటీ కోసం ఇవే బూట్లు హీరోగారు మళ్లీ వేసుకోవాలి. ఈ నత్తలతోనే ఆ ఏట్లో దిగాలి.

ఏం చెయ్యాలో తెలియక కాదు నేను ఆగింది. తెలిసే ఆగాను. ఈ బూట్లు శుభ్రం చేయించాల్సింది అక్కడికి వెళ్లిన అసిస్టెంట్. ఆ పని జరగలేదు. ఇది చూస్తే మేడమ్‌కు కోపం వస్తుంది. కొండలకు ఈసారి ఎవరు వెళ్లాలన్నది ఇంకా తేలలేదు. ఎవరికీ చెప్పకుండా నేనే కడిగి పెట్టేయొచ్చు. కానీ మగ్గు పట్టుకుని మెట్లెక్కాను. మంచి పనే చేస్తున్నాననుకున్నాను. కడుపులో మాత్రం పండగ ముందు రోజులా ఉంది.

పైన భోజనాల బల్ల దగ్గర మేడమ్ టీ తాగుతున్నారు. సెలవు అయిపోయి ఆ రోజే వచ్చిన ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని బట్టల ముక్కలు చూపిస్తోంది. మగ్గు ఇద్దరి మధ్యా పెట్టాను.

"ఇవేంటి?" అన్నారు మేడమ్.

"హీరోగారి బూట్లలో ఉన్నాయి మేడమ్. అక్కడి సరస్సువి. బతికే ఉన్నాయి. వీటితోనే కొండల్లో ఏట్లో దిగితే అక్కడ కూడా పడతాయి. అక్కడ బోర్డు మీద కూడా ఉందటగా, బూట్లు కడగమని." ఆఖరి మాట ఆ అమ్మాయి వైపు చూస్తూ అన్నాను.

ఆ అమ్మాయి మగ్గులోకి వంగి చూసింది. మొహం పాలిపోతుందనుకున్నాను. పాలిపోలేదు. "అయ్యో అక్కా! గివి వచ్చినయా! నాకు గిదే భయముండె." మేడమ్ వైపు తిరిగింది. "మేడమ్, యాదున్నదా? ఆ చెరువు కాడ ఒక ఆఫీసర్ వచ్చి అందర్నీ ఆపిండు. బూట్లన్నీ నేను బ్రష్‌తో గీకి, గాయన ముందట్నే కడిగిన. హీరోగారివి మాత్రం వాళ్ల స్టాఫ్ ఇయ్యలే. ఫ్లైట్‌కి టైమ్ అయితుందని గట్లనే చుట్టేసిన్రు. నేను మూడు సార్లు అడిగిన."

"అవునవును, నువ్వు వాళ్లతో గొడవపడ్డావు" అన్నారు మేడమ్. "డైరెక్టర్ గారు కూడా నవ్వారు, ఈ అమ్మాయికి నత్తల పిచ్చి పట్టిందని."

ఆ తర్వాత ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. ఎండలో బాగా ఆరితే చస్తాయని, సబ్బుకు చావవని, ఫ్రీజర్‌లో బాగా గడ్డకట్టిస్తే చస్తాయని, ఆ ఆఫీసర్ చెప్పినవన్నీ చెప్పింది. నేను ఫోన్‌లో చదివినవే. కానీ తను మంచు కొండ కింద నిలబడి విన్నది. మేడమ్ కప్పు కింద పెట్టి విన్నారు. అంతా విన్నాక అన్నారు: "అయితే హిమాచల్‌కు కూడా నువ్వే రా. ఈ విషయం తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి. నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ చూసుకోవాలి."

నేను తవ్విన గోతిలో ఆ పిల్లకు నీళ్లు పడ్డాయి. మగ్గు మోసుకొచ్చినందుకు మేడమ్ నాకు థాంక్స్ చెప్పారు.

ముసురు పట్టి ఉంది, ఎండ మాట లేదు. ఎండ ఉన్నా, ఎక్కువ ఎండబెడితే రబ్బరు రంగు మారి కంటిన్యూటీ పోతుంది. ఫ్రీజరే దిక్కు. మేడమ్ ఇంట్లో పార్టీల కోసం ఒక పెద్ద ఫ్రీజర్ ఉంది. బూట్లను శుభ్రమైన సంచిలో చుట్టి మేమిద్దరం వంటింట్లోకి మోసుకెళ్లాం. వంటాయనది భీమవరం. మమ్మల్ని చూసి గరిట పట్టుకునే అడ్డంగా నిలబడ్డాడు.

"ఏంటండీ అది? రొయ్యల పక్కన బూట్లు పెడతారా? రేపు గెస్టులకు ఏం వండమంటారు, హీరోగారి పాదాలా?"

"బాబాయ్, జర ఒక్క రోజుకే. నీకు దండం పెడ్త" అంది ఆ అమ్మాయి.

"లోపలేముందో చెప్పు ముందు."

"నత్తలు" అన్నాను నేను.

ఆయన మొహం మారిపోయింది. "నత్తలా? ఎంతెంతున్నాయండీ?"

వేలికొన చూపించాను. "ఛా, కూరక్కూడా పనికిరావు" అని దారిచ్చాడు. రొయ్యల్ని వేరే అరలోకి సర్దుకున్నాడు.

మగ్గులో నీళ్లు మిగిలాయి. నేను తీసుకెళ్లి సింక్‌లో ఒంపబోయాను. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. నాలాల్ల పడి ఏడికి పోతయో." ఆ నీళ్లను ఒక పాత గిన్నెలో పోసి స్టవ్ మీద పెట్టింది. అదీ నాకు తట్టలేదు, తనకే తట్టింది. నీళ్లు మరిగేదాకా ఇద్దరం స్టవ్ దగ్గరే నిలబడ్డాం. గుల్లలు అడుగున చప్పుడు చేస్తూ కదిలి, తర్వాత ఊరుకున్నాయి. మాట్లాడకుండా ఉండలేక మా నాయనమ్మ కూర సంగతి చెప్పాను. పిన్నీసుతో లాగడం గురించి చెబితే ఆ పిల్ల నోరు తెరిచి వింది.

"నువ్వు తిన్నవా? నిజంగ? ఎట్లుంటది?"

"కొంచెం గట్టిగా ఉంటుంది. నమలాలి."

నవ్వింది. తర్వాత స్టవ్ కట్టేసి, నా వైపు చూడకుండా అంది: "అక్కా, ఒకటి చెప్తున్న. మేడమ్ నన్ను పంపుతున్నది నేను లేకున్నా ఈడ పని ఆగదని. నువ్వు లేకుంటే ఆగుతది. నాకు గదే కుళ్ళు."

నన్ను ఓదార్చడానికి అనలేదు, నిజంగానే అంది. ఆ గొంతు నాకు తెలుసు, అది నా గొంతే. అయినా నాకు ఊరట కలగలేదు. ఇంట్లో మిగిలిపోయేవాళ్లకు ఎప్పుడూ ఇదే మాట చేతిలో పెడతారు, నువ్వు లేకపోతే ఇల్లు గడవదని. అంత విలువైనదాన్నైతే ఒకసారి నన్ను తీసుకెళ్లి, ఇల్లు ఎలా ఆగుతుందో చూడొచ్చు కదా.

మర్నాడు బూట్లు బయటికి తీస్తే కట్టెల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. మంచు కరిగాక అట్టలో మిగిలినవన్నీ పట్టకారుతో ఏరి, నీళ్లలో వేసి చూశాం. ఒక్కటీ కదల్లేదు. ఫ్యాన్ కింద ఆరబెట్టి, లోపల పాత పేపర్లు కుక్కి, గుడ్డ సంచిలో నేనే సర్దాను. ఇంకో సంచిలో గట్టి బ్రష్‌లు, ఒక తొట్టె పెట్టాను. వెళ్లే రోజు పొద్దున కారు గేటు దగ్గరికి వచ్చింది. ఆ అమ్మాయి సొంతంగా కొనుక్కున్న ఎర్ర కోటు చేతి మీద వేసుకుని నిలబడింది.

"బూట్లు నువ్వే ప్యాక్ చేసినవ్ గదా అక్కా?"

"నేనే."

"ఇగ నాకు ఫికర్ లేదు" అని ఎక్కి కూర్చుంది.

కారు మలుపు తిరిగాక నేను సెల్లారులోకి దిగి హుక్కులు కుట్టుకున్నాను. రెండు హుక్కులు తిరగేసి కుట్టి, విప్పి మళ్లీ కుట్టాను.

అక్కడ ప్రతి షాట్ తర్వాత బూట్లు గీకి కడిగిందట. ఏటి కాపలావాళ్లు చాలా సంతోషించారట. హీరోగారు ఆమెతో ఒక ఫోటో దిగి, జాగ్రత్త గురించి నాలుగు మాటలు రాసి నెట్‌లో పెట్టారు. వేలమంది చూశారు. మా చర్చిలో పక్కన కూర్చునే ఆవిడ కూడా చూసి, "ఈ అమ్మాయి మీ ఆఫీసే కదూ? ఎంత బుద్ధిమంతురాలో!" అంది. ప్రార్థన మొదలవుతోంది కాబట్టి నేను కళ్లు మూసుకున్నాను. ఆ పూట దేవుణ్ణి ఏమడిగానో ఇక్కడ రాయను.

సినిమా వచ్చింది. పాటలో ఏరు కొద్దిసేపే ఉంది, బూట్లు నీళ్లలో మునిగే ఉన్నాయి.

తర్వాతి సినిమా పనులు మొదలైన రోజు మేడమ్ ఔట్‌డోర్ గురించి మాట్లాడుతూ అలవాటుగా ఆ అమ్మాయి వైపు తిరిగారు. నా నోట్లోంచి ఎలా వచ్చిందో వచ్చింది. "మేడమ్, ఈసారి నేను వెళ్తాను."

చేతిలో టేపు అలాగే పట్టుకుని మేడమ్ నన్ను చూశారు. "నీకు వెళ్లాలని ఉందా? ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదే!"

"మీరే పిలుస్తారనుకున్నాను మేడమ్."

"నీకు ఇల్లు వదిలి రావడం ఇష్టం ఉండదేమో అనుకున్నాను. నేనేం దేవుణ్ణా, మనసులో ఉన్నది తెలుసుకోవడానికి?" నిజంగా నొచ్చుకున్నారు. "సరే. నువ్వే రా. కానీ ఈసారి ఫారిన్ కాదు. బాపట్ల అవతల ఉప్పు కొటార్లు. మే నెల. ఆలోచించుకో."

అక్కణ్నుంచి మా పుట్టింటికి బస్సులో గంట ప్రయాణం. సెల్లారులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాల్సి వచ్చింది. అయినా వెళ్లాను. ఉప్పు గుట్టల మధ్య తెల్లటి ఎండలో హీరోయిన్ లంగా అంచుకు ఉప్పు పట్టకుండా రోజంతా కాపాడాను. పెదవులు పగిలాయి. మొహం నల్లబడి తోలు ఊడింది. నాకు యూనిట్ హోటల్లో గది ఇచ్చారు, కార్లో తీసుకెళ్లి కార్లో దింపారు. ఆ నాలుగు రోజులూ నన్ను ఎవరూ ఇంటికెప్పుడు వెళ్తావని అడగలేదు.

ఆఖరి సాయంత్రం షూటింగ్ తొందరగా అయిపోతే అందరం సముద్రం ఒడ్డుకు వెళ్లాం. చెప్పులు చేత్తో పట్టుకుని మోకాళ్ల దాకా దిగి, మేకప్ అమ్మాయితో ఒక ఫోటో తీయించుకుని స్టేటస్‌లో పెట్టాను. టీ తాగి వచ్చేలోపు ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి ఆ అమ్మాయి.

"అక్కా, గది సముద్రమేనా?"

"అవునమ్మా."

"గట్ల లోపలికి దిగొచ్చా? గుంజుకపోదా?"

"ఒడ్డున ఏం కాదు. నువ్వెప్పుడూ దిగలేదా?"

"దిగుడు ఏడిది, చూడనే లేదక్కా. విమానంలకెల్లి చూసుడే. మా ఇంట్ల ఎవ్వరు చూడలే." వెనక సెల్లారులో కుట్టు మిషన్ చప్పుడు వినిపిస్తోంది. "మస్తున్నవ్ ఫోటోల. నన్నెందుకు తోలియ్యలేదో మేడమ్."

ఆ ఆఖరి మాటలో సన్నటి పులుపు ఉంది. నేను చెవిని ఫోన్‌కు ఇంకాస్త నొక్కుకున్నాను. ఆ పిల్ల మంచిది, నాకు తెలుసు. అయినా ఆ మాట నాకు చల్లటి మజ్జిగ తాగినంత హాయిగా దిగింది.

"అలలు వినిపిస్తున్నాయా?" అని, ఫోన్‌ను నీళ్ల వైపు తిప్పి చాలాసేపు అలాగే పట్టుకున్నాను.